సముద్రానికి సర్వే నంబరు

మొన్న శ్రీశైలం వెళుతూ పెద్దదోర్నాలలో బస్సు మారాల్సి వచ్చి, రోడ్డు పక్క హోటల్లో టీ తాగుతూ కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు మిరప రైతులు. ఒకాయన ఫోను చూసుకుంటూ, "బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటబ్బా. రేపు మందు కొట్టబాకు" అన్నాడు. రెండో ఆయన, "అది బలపడతాదో లేదో ఇంకా తెల్దంటలే. ఎల్లుండి దాకా చూద్దాం" అని గ్లాసు కింద పెట్టి లేచాడు.

ఇంట్లో ఆవు ఈనే సంగతి మాట్లాడుకున్నంత మామూలుగా మాట్లాడుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. నా టీ మాత్రం చల్లారిపోయింది. ఆ మాట మార్కాపురం తాలూకాలో ఎవరి నోటా లేని రోజుల్లో, పలక మీద సున్నా చుట్టి దాన్ని ఊరూరా చూపించిన మనిషి గుర్తొచ్చి, ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. నేను ఆ పక్కనే పంచాయతీ సమితిలో ముఖ్యసేవికను, అంటే పల్లెల్లో ఆడవాళ్ల కార్యక్రమాలు చూసే ఉద్యోగిని. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఏడెనిమిదేళ్లు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. మా సొంతూరు బాపట్ల దగ్గర పల్లె. ఈ ఎర్ర నేలలు, ఈ రాళ్లు, నెలకోసారి కూడా కనపడని మబ్బు చూసి, వచ్చిన కొత్తలో నాకు దిగులుగా ఉండేది.

చేరిన మర్నాడు పొద్దున తాలూకా ఆఫీసు ఆవరణలో ఒక నడివయసు మనిషి వానకొలత డబ్బా దగ్గర గొంతుక్కూర్చుని కనిపించాడు. డబ్బాలో చుక్క లేదు. అయినా మూత తీసి, లోపలికి తొంగిచూసి, పుస్తకంలో సున్నా వేసి, సంతకం పెట్టాడు. నన్ను చూసి లేచి, "కొత్తగా వచ్చిన అమ్మ మీరేనా? యా ఊరమ్మా?" అన్నాడు.

"బాపట్ల దగ్గరండీ."

ఆయన ముఖం వెలిగిపోయింది. "సముద్రం పక్కనా! ఈ నెలలో నీళ్లు ఎట్లుంటాయమ్మా? చెయ్యి పెడితే చల్లగా తగుల్తాయా, గోరువెచ్చగా ఉంటాయా?"

పుట్టి పెరిగింది సముద్రం పక్కన. ఎన్నిసార్లు మునిగానో లెక్కలేదు. అయినా "ఉప్పగా ఉంటాయండీ" అన్నాను.

ఆయన నవ్విన నవ్వుకు ఆఫీసు చూరు మీది పావురాళ్లు లేచిపోయాయి. "బాగా చెప్పినావమ్మా! మద్రాసులో పెద్దపెద్ద దొరలను అడిగినా. వాళ్లూ ఆ ముక్కే చెప్పినారు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు చిన్నాయన. ఊరికి సముద్రం సారు.

కొమరోలు దగ్గర గొర్రెలు మేపే కుటుంబం ఆయనది. కరువు వచ్చిన ఏడు పొట్ట చేత పట్టుకుని మద్రాసు పోయి, అక్కణ్ణించి సరుకుల ఓడలో కూలీగా ఎక్కాడు. ఓడలో ఒక అధికారి ఆయనకు ఒక పని అప్పజెప్పాడు. పూటకిన్నిసార్లని లెక్కపెట్టుకుని, తాడు కట్టిన గుడ్డ బకెట్టు సముద్రంలోకి విసరాలి. నీళ్లు చేది, అందులో జ్వరం చూసే గాజుగొట్టం లాంటిది ముంచి, అంకె అరిచి చెప్పాలి. ఆ అంకెలు రాసిన పుస్తకం రేవు చేరగానే వాతావరణం చూసే ఆఫీసుకు పోయేది. తక్కిన కూలీలు ఆ పనిని వెక్కిరించేవాళ్లట. ఈయన మాత్రం, సముద్రం ఒళ్లు ఎందుకు చూస్తున్నామని ఆ అధికారిని వెంటబడి అడిగి, ఆరేళ్లలో ఆయనకు తెలిసినదంతా తోడేసుకున్నాడు. తండ్రి మంచాన పడితే తిరిగి వచ్చి, పరీక్ష రాసి, గుమాస్తా అయ్యాడు. వానకొలత డబ్బా ఎవరూ అడగని పని. అడిగి తీసుకున్నాడు.

ఆ ఓడ అలవాటు చేతిలోంచి పోలేదు. ఎక్కడ నీళ్లిచ్చినా ముందు చూపుడు వేలు ముంచి ఒక క్షణం ఆగి, అప్పుడు తాగేవాడు. వాళ్లావిడ ఎప్పుడూ ఒక మాట చెప్పేది: "పెళ్లిచూపుల్లో ఇచ్చిన చెంబులో కూడా వేలు పెట్టినాడమ్మా. మా నాయన, ఈ పిల్లోడికి మన నీళ్ల మీద అనుమానమేమో, సంబంధం వద్దంటాడేమో అనుకున్నాడు." ఆయన తల దించుకుని నవ్వుతుంటే, "ఈయప్ప సముద్రంలో మునగలేదు గానీ, సముద్రమే ఈయప్పలో మునిగింది" అనేది.

మార్కాపురం పలకల ఊరు కదా. అంచు విరిగిన పలక ఒకటి ఎప్పుడూ ఆయన చంకలో ఉండేది. ఎవరు దొరికితే వాళ్లకు గీసి చూపించేవాడు. "ఇది తూర్పు సముద్రం. ఇది మన మార్కాపురం. ఇక్కడ నీళ్లు వేడెక్కినాయనుకో, పైన గాలి పలచబడతాది. కంచెలో సందు పడితే మంద అంతా ఒకేసారి దూరదా? అట్ల చుట్టుపక్కల గాలంతా ఆ పలచని చోటికి పరిగెత్తుతాది. దాన్నే అల్పపీడనం అంటారు. మన వాన పుట్టేది మన కొండమీద కాదు, అక్కడ." గొర్రెలు కాసేవాళ్లు ఇట్టే గ్రహించేవాళ్లు. ఆఫీసర్లకే కొంచెం కష్టమయ్యేది.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు రేడియో ముందు కూర్చుని, వాతావరణం చదివేటప్పుడు పలక మీద గుర్తులు పెట్టుకునేవాడు. నేను వచ్చిన ఏడాది ఆశ్వీజంలో ఒకరోజు అట్లా గీసి గీసి, ఉన్నట్టుండి లేచాడు. తుఫాను మనవైపే వస్తున్నదని సైకిలెక్కి ఊళ్లన్నీ తిరిగాడు. గొర్రెలవాళ్లు మందలను మెరకకు తోలారు. కొందరు రైతులు పూర్తిగా ఊరని వేరుశనగ పీకేశారు.

తుఫాను రాలేదు. దారి మార్చుకుని ఒరిస్సా వైపు పోయింది. మార్కాపురంలో వారం రోజులు ఎండ కాచి, పీకిన వేరుశనగ తీగలు కళ్లెదుటే వడలిపోయాయి. సమితి ప్రెసిడెంటు గారు పెద్ద రైతు, నోరున్న మనిషి. ఆఫీసు మెట్ల మీద నిలబడి, "ఏంది సారూ, మీ తుఫాను బస్సు తప్పిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఇంకొకరైతే ఆ పలక పగలగొట్టేవాళ్లు. ఆయన మర్నాడు మళ్లీ సైకిలెక్కాడు. తుఫాను వస్తుందని చెప్పిన ప్రతి ఊరికీ వెళ్లి, రచ్చబండ దగ్గర నిలబడి, "చెప్పినోణ్ణి నేను. తప్పు నాది. మీ శనగ పోయిందానికి నేనే బాధ్యుణ్ణి" అని చెప్పి వచ్చాడు. వచ్చాక నా ముందు కుర్చీలో కూలబడ్డాడు.

"మీరేం చేస్తారు చిన్నాయనా? రేడియో చెప్పిందే కదా మీరూ చెప్పారు" అన్నాను.

"రేడియో వచ్చినా రావచ్చు అనింది తల్లీ. నేను వస్తాది అని చెప్పినా. ఆ రెండు మాటల నడుమ ఎంత దూరముందో నాకు తెలుసు. తెలిసీ మింగినా" అన్నాడు. పలక బల్ల మీద పెట్టి, "అయినా రేడియో మాత్రం ఏం చేస్తాది? ఆ రోజు అక్కడ ఓడ లేదు. నడిసముద్రంలో ఏం జరుగుతుందో చూసినోడే లేడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. సముద్రాన్ని అడిగినోడేడీ?" అన్నాడు.

ఆ తరువాత ఆయన ఏ రోజూ "వస్తాది" అనలేదు. మూడు మాటలు కట్టుకున్నాడు. దూరంగా ఏదో కదిలితే "కన్నేసి ఉంచండి". దగ్గర పడితే "మూట కట్టుకోండి". ఖాయమనిపిస్తే "లేచి పోండి". ఈ మూడు మాటలు తాలూకా అంతటా పాకిపోయాయి. ఇంట్లో అత్తగారు రుసరుసలాడుతుంటే కోడళ్లు ఒకరితో ఒకరు, "కన్నేసి ఉంచండి" అని నవ్వుకోవడం నేను మహిళా మండలిలో స్వయంగా విన్నాను.

మరుసటి ఏడు కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఆయన పలకతో మా ఆఫీసులోకి పరిగెత్తుకొచ్చాడు. "ఓడోళ్లు చూసి చెప్పినారంట, వాయుగుండం మనవైపు మళ్లింది. ఏట్లో దిబ్బ మీద ఓబులేసు మంద ఉండాది తల్లీ. జీపు అడగాల."

గుండ్లకమ్మ నడుమ ఇసుక దిబ్బ మీద ఆ కాలంలో మంచి పచ్చిక ఉండేది. ఓబులేసు అనే ముసలి కాపరి, ఆయన కొడుకులు అక్కడ మంద నిలిపారు. ప్రెసిడెంటు గారు జీపు తాళం చేతిలో తిప్పుతూ, "మళ్లీ ఉత్తదే అయితే?" అన్నాడు.

"ఉత్తదే అయితే మళ్లీ ఊరూరా తిరిగి ఒప్పుకుంటా. నాకు అలవాటే గదా."

ప్రెసిడెంటు గారు నవ్వు ఆపుకోలేక తాళం విసిరాడు.

మేం వెళ్లేసరికి ఆకాశం నీలంగా, తుడిచినట్టుంది. ఓబులేసు కర్ర మీద ఆనుకుని మా మాటంతా విని, "పైన చూడు అబ్బాయా. అద్దం మాదిరి ఉండాది. గొర్రెలు ఈని నాలుగు రోజులు కాలేదు. ఈ పసివాటిని యాడికి తోలాల?" అన్నాడు.

చిన్నాయన ఇసుకలో కూర్చున్నాడు. "మామా, పోయినేడు నేను చెప్పింది జరగలా. ఇప్పుడూ జరగకపోవచ్చు. నాకు తోచేది, పది పాళ్లలో ఏడు పాళ్లు వస్తాది, మూడు పాళ్లు రాదు. రాకపోతే నువ్వు నన్ను తిట్టు. వస్తే నీ జీవాలు ఏమైతాయో నువ్వే చూసుకో. తోలేది, తోలనిది నీ ఇష్టం."

ఓబులేసు ఆలోచించాడు. "తిట్టనిస్తావా?"

"తనివితీరా తిట్టు."

"మా నాయన కాడి నుంచి వచ్చిన తిట్లు ఉండాయి నా కాడ."

"అన్నీ తిట్టు మామా. ముందు ఏరు దాటు."

ముసలాయన కొడుకుల వైపు తిరిగి ఒక కేక వేశాడు. మంద కదిలింది. నడవలేని గొర్రెపిల్లలన్నిటినీ జీపులోకి ఎక్కించాం. వెనక సీటు నిండా, నా కాళ్ల దగ్గర, ఒళ్లో, అన్నీ గొర్రెపిల్లలే. దారి పొడుగునా ఒకటే అరుపులు. దిగి చూస్తే, అందులో ఒకటి నా మహిళా మండలి రిపోర్టు అంచు నమిలేసింది. ఆ రిపోర్టు అట్లాగే పైకి పంపాను. ఎవరూ ఏమీ అడగలేదు.

మర్నాడు తెల్లవారకముందే వాన పట్టుకుంది. నల్లమల మీద ఎంత కురిసిందో ఏమో, మధ్యాహ్నానికి గుండ్లకమ్మ ఎర్రగా, రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ దిగింది. దిబ్బ ఉన్న చోటు ఆనవాలు కూడా దొరకలేదు. ఒడ్డున గొంగడి కప్పుకుని ఓబులేసు నిలబడి ఉన్నాడు. మెరక మీద మంద మొత్తం తడుస్తూ నెమరు వేస్తోంది. ఒక్క జీవం పోలేదు. మమ్మల్ని చూడగానే ముసలాయన, "ఎన్ని తిట్లు కూడబెట్టుకున్నా రా నాయనా! ఒక్కటీ వాడనీకుండా చేస్తివే" అని చిన్నాయనను గొంగడితో సహా కావలించుకున్నాడు. వానలో ఇద్దరూ అట్లా ఊగిపోతూ నవ్వడం నా కళ్లల్లో ఇప్పటికీ ఉంది.

మరో రెండేళ్లకు రాబోయే ప్రణాళికలో ఏమేం కావాలో రాసి పంపమని సమితులకు ఉత్తరాలు వచ్చాయి. చిన్నాయన ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేను నోరు తెరిస్తే, గుమాస్తాకు ఎందుకు ఈ పెత్తనాలని మెమో ఇస్తారు. మీరు చదవండమ్మా."

సమితి సమావేశంలో బావులు, రోడ్లు, బడులు అన్నీ అయ్యాక లేచి చదివాను. ప్రతి నెలా బంగాళాఖాతం ఒళ్లు వేడి చూసేందుకు ఒక ఓడ కావాలి. ఓడ పోలేని రోజుల్లో కబురు చెప్పేందుకు వైర్‌లెస్ పెట్టిన డబ్బాలు లంగరు వేసి నడిసముద్రంలో తేలించాలి. వాటి కబురు ఇంగ్లీషులో ఆఫీసుల్లో ఆగిపోకుండా పంచాయతీ రేడియోకు, మనకు అర్థమయ్యే మాటల్లో రావాలి. విత్తనాలు ఎప్పుడు పంచాలో, చెరువు ఎప్పుడు వదలాలో నిర్ణయించే ముందు ప్రభుత్వం సముద్రం చదివినవాళ్లను పిలిచి అడగాలి. చదివినవాళ్లు తెలిసినంత చెప్పాలి, తెలియనిది తెలియదని చెప్పాలి. నిర్ణయం మాత్రం జనానిది, సర్కారుది. చివర, వలలు వేసేవాళ్లను, మందలు తోలేవాళ్లను కూడా అడిగి వాళ్లకు తెలిసినది రాసుకోవాలి.

మొదటి వాక్యం దగ్గరే నవ్వులు మొదలయ్యాయి. ప్రెసిడెంటు గారు, "అమ్మా, మా ఊళ్లల్లో తాగేదానికి నీళ్లు లేవు. ఉప్పునీళ్లు చూసేదానికి ఓడ అడగమంటారా? కర్నూలు జిల్లాలో ఓడ యాడ నిలపాల? బస్టాండులోనా?" అన్నాడు. తలుపు అవతల చిన్నాయన నిలబడి ఉన్నాడని నాకు తెలుసు.

అప్పుడు వెనక నుంచి ఓబులేసు లేచాడు. ఆ మధ్య పంచాయతీ ఎన్నికల్లో వాళ్ల పల్లెవాళ్లు పట్టుబట్టి సర్పంచిని చేశారు. సమావేశాల్లో ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"ఓడ ఎట్లుంటాదో నాకు తెల్దు. గానీ నా మంద ఏటిపాలు కాకుండా నిలబడిందంటే, ఎవురో సముద్రంలో బకెట్టు వేసి చూసినందుకే అని ఆ యప్ప చెప్పినాడు. అంతకు ముందేడు మనోళ్ల శనగ ఎందుకు పోయింది? ఆ రోజు బకెట్టు వేసేవాడు లేనందుకు. బావి అడుగుదాం, రోడ్డు అడుగుదాం. వాటితో పాటు దీన్నీ అడిగితే మన సొమ్మేం పోతాది? రాయండి."

ప్రెసిడెంటు గారు మీసం దువ్వుకుని, "సరే, రాయండి. నవ్వితే హైదరాబాదులో నవ్వుకుంటారు" అన్నాడు. తీర్మానం పాసయింది. బయటికొచ్చి చూస్తే చిన్నాయన గోడకు ఆనుకుని, పలక గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు.

నాలుగు నెలలకు పై ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది: "తీర్మానమందు పేర్కొనబడిన సముద్రము ఏ గ్రామ పరిధిలో కలదో సర్వే నంబరుతో సహా వెంటనే తెలియజేయవలెను."

సమితి ఆఫీసు మొత్తం పని మానేసి నవ్వింది. చిన్నాయన మాత్రం ఆ కాగితాన్ని గౌరవంగా రెండుసార్లు చదివి, "అడిగినారు గదా. అడిగినోళ్లకు చెప్పాల" అని కలం తీశాడు. ఆయన చెప్పగా ప్రెసిడెంటు గారి సంతకంతో పోయిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "సదరు సముద్రము ప్రతి సంవత్సరము జ్యేష్ఠము మొదలు కార్తీకము వరకు మా తాలూకాలోని అన్ని గ్రామముల మీదుగా ఆకాశమార్గమున ప్రయాణము చేయుచున్నది. ఒకచోట నిలువనందున సర్వే చేయుటకు వీలుపడలేదు. అందులకే ఓడ కోరడమైనది."

ఓడ రాలేదు. కానీ ఆ జవాబు చేతులు మారి మారి చివరికి వాతావరణం చూసే ఆఫీసులో ఎవరో మంచివాడి బల్ల మీద పడినట్టుంది. ఆ ఏటి వానాకాలం నుంచి, సముద్రంలో వాయుగుండం పుడితే మార్కాపురానికి నేరుగా తంతి పంపుతామని చిన్నాయన పేర ఉత్తరం వచ్చింది. మొదటి తంతి వచ్చిన రోజు ఆయన దాన్ని పట్టుకుని బజారు మొత్తం తిరిగాడు. పలకల కార్ఖానా ముందు ఆగి, పనివాళ్లందరికీ చదివి వినిపించాడు. అందులో ఉన్నది ఒకే సంగతి, వాయుగుండం మనవైపు రావడం లేదని. "చూసినారా? రావడం లేదని కూడా చెప్పినారు! అదీ శాస్త్రమంటే!" అని ఆయన సంబరపడుతుంటే, పనివాళ్లు ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

డెబ్భై మొదట్లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు. ఒంగోలు ఎంత దూరమోనని, పాత కాగితాలు ఏమవుతాయోనని అందరూ గొణుగుతుంటే, చిన్నాయన గుమ్మంలోంచే కేకేశాడు: "తల్లీ! మన జిల్లాకు సముద్రం వచ్చింది!"

ఆ ఆదివారమే ప్రయాణం కట్టాడు. ఆయన, వాళ్లావిడ, ఓబులేసు, నేను. చద్దిమూటలు కట్టుకుని, పొదిలి మీదుగా ఒంగోలు బస్సెక్కి, అక్కణ్ణించి ఇంకో బస్సులో కొత్తపట్నం తీరానికి చేరాం. తాటిచెట్లు దాటాక ఒక్కసారిగా కనిపించింది. వాళ్లావిడ "అబ్బ!" అని నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. తరువాత మొగుడి వైపు తిరిగి, "ఇంత ఉందని నాకు ఒక్కనాడూ చెప్పలేదే!" అని దెబ్బలాటకు దిగింది. ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఓబులేసు అలల అంచున కర్ర ఆనించి నిలబడ్డాడు. అలలు తెల్లగా, ఒకదాని వెనక ఒకటి, తోసుకుంటూ వస్తున్నాయి. ముసలాయన ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, పొద్దుగూకేముందు మందను లెక్క చూసుకునే తీరున చూశాడు. చాలాసేపటికి, "ఇంత మందకు కాపరి ఎవురబ్బాయా?" అని అడిగాడు.

"ఇంకా ఎవురినీ పెట్టలేదు మామా. అర్జీ పెట్టినాం గదా."

ఓబులేసు తలగుడ్డ సర్దుకున్నాడు. "అయితే ఇంకోటి రాయి. ఈసారి నేనూ వేలిముద్ర వేస్తా."